మూడో స్టేజీలో నేను దిగలేదు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా డిపోలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. ఒకసారి మా బస్సుకు అడ్డం వచ్చిన అడవిపంది నేను మొదటిసారి చెప్పినప్పుడు దున్నపోతంత ఉండేది, దసరా నాటికి లారీ అంత అయింది. కాబట్టి కింద రాసినదాంట్లో ఎక్కడెంత తగ్గించుకోవాలో మీరే తగ్గించుకుని చదువుకోండి. జరిగిందంతా జరిగినట్టే రాశాను, కాకపోతే కాస్త ఉబ్బి ఉంటుంది. ఉబ్బడమే కదా అసలు నా జబ్బు! ఒక్క ముచ్చట మాత్రం పూర్తిగా నేను పుట్టించింది. అదేదో చివర ఒప్పుకుంటాను.

నేను భద్రాచలం నుంచి చర్ల మీదుగా వెంకటాపురం పోయే బస్సులో కండక్టర్ని. ఆ రోడ్డు మీద గుంతలు ఎంత లోతంటే, ఒక గుంతలో దిగిన బస్సు పైకి వచ్చేసరికి లోపలి పిల్లలకు మీసాలు వస్తాయి. అలాంటి రోడ్డు మీద ఇన్నేళ్ళు నిలబడి టికెట్లు కొట్టినవాడికి నడుం నొప్పి రాకుండా ఉంటుందా? వచ్చింది. మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని పల్లీలు నమిలినట్టు నమిలేవాణ్ణి.

షుగరూ బీపీ నాకు పాతవే. అవి మా బస్సులో పాస్ హోల్డర్ల లాంటివి. రోజూ ఎక్కే మొహాలు కాబట్టి కండక్టరు వాళ్ళ పాసు అడగడు. ఎక్కారా, కూర్చున్నారా, అంతే. లోపల కూర్చుని ఏం చేస్తున్నారో నేనెప్పుడూ తిరిగి చూడలేదు.

ఏదో తేడాగా ఉందని మొదట తెలిసింది శ్రీరామనవమి రద్దీలో. కల్యాణం చూసి తిరిగిపోయే జనంతో బస్సు ఎలా ఉందంటే, నేను ఊపిరి పీల్చాలంటే పక్కవాడు వదలాలి. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పబోతే రాలేదు. కాళ్ళు పొంగి పట్టీల మీదికి కారుతున్నాయి. మా ఆవిడ విజయ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. కొలతల మనిషి. టేపు మెడలో వేసుకునే వచ్చి నా కాలు మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడి అలాగే ఉండిపోయింది. నీళ్ళు పోస్తే పిచ్చుకలు వచ్చి తాగిపోయేంత గుంట.

“ఏందయ్యా ఇది? కాలా, మాగిన పనసపండా?”

“పొద్దంత నిలబడ్డ గదా. నీరు దిగింది.”

“నువ్వు పెండ్లిగాక ముందు సంది నిలబడుతనే ఉన్నవ్. ఇయ్యాలనే ఎందుకు దిగింది?”

నేను కాళ్ళు మంచం మీదికి చాపుకుని పడుకున్నాను. ఆ మర్నాడు పొద్దున్నే బాత్రూంలోంచి అరిచింది. “గీ సర్ఫ్ ఎవరు పోసిండ్రు గిట్ల?” ఎవరూ పోయలేదు. ఆ నురగ నాదే. రెండు లుంగీలు ఉతుక్కోవచ్చు, అంత నురగ. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. టేపు తీసి మిషన్ మీద పెట్టి, చీర మార్చుకుని, “నడువ్, దవాఖానకు” అంది.

భద్రాచలంలో రక్తం తీశారు, మూత్రం తీశారు. రిపోర్టు చూసిన డాక్టరు ముందు కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. “క్రియాటినిన్ ఎక్కువుంది, అంటే కిడ్నీలు సరిగ్గా వడపోయడం లేదు. యూరిన్‌లో ఆల్బుమిన్, అంటే ప్రొటీన్, పోతోంది. ఖమ్మం వెళ్ళి నెఫ్రాలజిస్టుకు చూపించండి, ఆలస్యం చెయ్యకండి” అన్నాడు. నెఫ్రాలజిస్టు అంటే కిడ్నీల డాక్టరని అప్పుడే తెలిసింది నాకు. అప్పటిదాకా నా కిడ్నీలు ఎక్కడుంటాయో కూడా నాకు సరిగ్గా తెలియదు.

ఖమ్మంలో డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. నొప్పి బిళ్ళల సంగతి అడిగింది. పేర్లు తెలియక “ఎర్రది, తెల్లది, ఒక ఆకుపచ్చది” అని చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, “ఇవాళ్టి నుంచి ఏ రంగుదీ వద్దు” అంది. స్కానింగ్ చూసింది, ఈజీఎఫ్ఆర్ అని ఏదో లెక్క వేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“మీకు సీకేడీ. అంటే క్రానిక్ కిడ్నీ డిసీజ్. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకునే జబ్బు. మీరిప్పుడు స్టేజ్ త్రీలో ఉన్నారు.”

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా బస్సోళ్ళకు స్టేజీ అంటే జబ్బు మాట కాదు, బస్సు ఆగే చోటు. టికెట్ ధర మారేది స్టేజీ దగ్గరే. పొద్దున లేస్తే “ఏ స్టేజీ? ఏ స్టేజీ?” అని అడగడమే నా బతుకు. ఆ మాట చెవిన పడగానే నాలోని కండక్టరు లేచి నిలబడ్డాడు.

“లాస్ట్ స్టేజీ ఏదమ్మా?”

“ఫైవ్.”

నా తలకాయలో రూటు మొత్తం పరుచుకుంది. భద్రాచలం ఒకటి, దుమ్ముగూడెం రెండు, సత్యనారాయణపురం మూడు, చర్ల నాలుగు, వెంకటాపురం అయిదు. నేనిప్పుడు సత్యనారాయణపురంలో ఉన్నాను. ఇంకా చర్ల రావాలి. చర్లలో బస్సు ఆగుతుంది, టీ తాగుతాం, మిరపకాయ బజ్జీలు తింటాం, ఆ తర్వాత కదా వెంకటాపురం! నా మనసు తేలికైపోయింది. డాక్టరమ్మ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నేను మాత్రం అప్పటికే చర్లలో రెండో బజ్జీ కొరుకుతున్నాను.

తిరుగు బస్సులో విజయ అడిగింది. “గుండె గురించి డాక్టరమ్మ చెప్పింది, ఇన్నవా?”

“కిడ్నీల డాక్టరుకు గుండె ముచ్చటెందుకు?”

“ఈసీజీ, ఎకో తీయించుకొని రమ్మన్నది. చీటీ రాసిచ్చింది.”

“గుండె గుండులెక్క ఉన్నది. వచ్చేసారి తీద్దాం తియ్.”

మా డ్రైవర్ యాకూబ్‌కు మర్నాడు విషయం చెప్పాను. అతను స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు. “ఇంక చర్ల రాలె, వెంకటాపురం రాలె. గీ రోడ్డు మీద గా రెండు స్టేజీలు దాటేటాలకు మనమిద్దరం రిటైరవుతం. ఫికర్ జేస్తవేందన్నా!” ఇద్దరు బస్సోళ్ళు కలిసి ఒక పెద్ద జబ్బును అలా టైంటేబుల్‌లో పెట్టేశాం.

మందులు మాత్రం వేసుకున్నాను. ఉప్పు తగ్గించాను, అంటే విజయ తగ్గించింది. ఆవకాయ జాడీని అటక మీద ఎంత లోపలికి నెట్టిందంటే, దాన్ని తియ్యాలంటే ఇల్లు కూలగొట్టాలి. కాళ్ళ వాపు తగ్గింది. నేను గెలిచేశానని ఊళ్ళో చెప్పుకున్నాను.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం చర్ల నుంచి భద్రాచలం తిరిగి వస్తున్నాం. పొద్దుటి నుంచి ఏదో ఆయాసం. అజీర్తి అనుకున్నాను. సత్యనారాయణపురంలో ఆగాం. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. వెనక తలుపు దగ్గర నిలబడి ఎప్పటిలాగే “రైట్ రైట్” అనబోయాను.

మాట రాలేదు.

నొప్పి లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, నాకు ఛాతీలో నొప్పే లేదు. గొంతు దాకా ఊపిరి వస్తోంది, మాటకు మాత్రం చాలడం లేదు. చొక్కా పిండితే బిందె నిండేంత చెమట. రోజుకు వెయ్యిసార్లు అనే ఒక్క మాట, నిద్రలో కూడా అనే మాట, నోట్లోంచి బయటికి రావడం లేదు.

కండక్టరు రైట్ అననిదే డ్రైవరు బండి కదిలించడు. యాకూబ్ ఆగాడు. కాస్సేపు చూసి అద్దంలోంచి అరిచాడు. “అన్నా, రైట్ అనవేంది? నిద్రబోయినవా?” తర్వాత అద్దంలో నా మొహం కనిపించినట్టుంది. దిగి వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. నన్ను సీట్లో కూలేసి, మళ్ళీ వెళ్ళి బండి తీశాడు. ఆ రోడ్డు మీద ఆ బస్సు అంత వేగంగా ఎన్నడూ పోలేదు. గుంతల్లో దిగలేదు, గుంతల పైనుంచి ఎగిరింది.

ఎవరో వెనకనుంచి, “మా ఊరు దాటిపోయింది, ఆపుండ్రి” అని అరిచాడు. నా పక్కన కోళ్ళ గంప పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వ లేచింది. “ఆపకు బిడ్డా, తోలు! నా ఊరు గూడ దాటింది. రేపు పోత. కండక్టరు పోతే మనకు టికెట్ ఎవరు కొడ్తరు?” అంది. తన కొంగుతో విసురుతూ, “ఊపిరి తీస్కో నాయనా, తీస్కో” అంటూనే ఉంది. దుమ్ముగూడెంలో దిగాల్సినవాళ్ళు ఒక్కరూ దిగలేదు. నా సర్వీసులో స్టేజీలు ఎగ్గొట్టిన ట్రిప్పు అదొక్కటే.

భద్రాచలం దవాఖానలో ఈసీజీ తీశారు. ట్రోపోనిన్ అని రక్తం పరీక్ష చేశారు. అక్కడి డాక్టరు అన్నాడు, “హార్ట్ ఎటాక్. షుగర్ ఉన్నవాళ్ళకు కొందరికి నొప్పి లేకుండానే వస్తుంది. ఇట్లా ఆయాసం, చెమట, అంతే.” అంబులెన్సులో ఖమ్మం పంపించారు.

అసలు పరీక్ష ఖమ్మంలో ఎదురైంది. యాంజియోగ్రామ్ చెయ్యాలన్నారు. దానికి రక్తనాళంలోకి ఒక రంగు మందు ఎక్కించాలి, డై అంటారు. ఆ డై వల్ల అప్పటికే నీరసంగా ఉన్న నా కిడ్నీలు దెబ్బ తినొచ్చు. గుండె డాక్టరు, కిడ్నీ డాక్టరమ్మ నా మంచం కాళ్ళ దగ్గర నిలబడి మెల్లగా మాట్లాడుకున్నారు. తర్వాత డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. “చెయ్యకపోతే గుండెకు ప్రమాదం. చేస్తే కిడ్నీకి రిస్క్. కొన్నాళ్ళు డయాలిసిస్ కూడా పడొచ్చు. గుండె ప్రమాదమే ముందు అని మా ఇద్దరి అభిప్రాయం.”

నేను విజయ వైపు చూశాను. ఆమె ఒక్క క్షణమే ఆలోచించింది.

“బట్ట చినిగితే కుట్టుకోవచ్చు మేడం. మనిషి ఉంటే గదా కుట్టేది. ముందు గుండె చూడుండ్రి” అని, నా వైపు తిరిగింది. “నువ్వు గిప్పుడు దిగుతవా ఏంది?”

“దిగను” అన్నాను. ఆ రోజు నా నోట్లోంచి పూర్తిగా వచ్చిన మొదటి మాట అది. పెంచి చెప్పడం లేదు, కావాలంటే ఆమెనడగండి.

స్టెంట్ వేశారు. గుండె దారిలో పడింది. కానీ భయపడ్డట్టే క్రియాటినిన్ పైకి ఎక్కడం మొదలెట్టింది. మూత్రం తగ్గిపోయింది. మనిషి జీవితంలో ఎన్నో వాటికోసం ఎదురుచూస్తాడు గానీ, తన మూత్రం కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసే రోజు వస్తుందని ఎవరైనా అనుకుంటారా? నర్సు బాటిల్ ఎత్తి గీత చూస్తుంటే విజయ ఊపిరి బిగబట్టేది. గీత కొంచెం పైకి వస్తే, నాకు పద్మశ్రీ వచ్చినట్టు వార్డంతా సంతోషించేది. డయాలిసిస్ మిషను పక్క గదిలో సిద్ధంగా ఉంది. నేను దాని వైపు తిరిగి రోజూ ఒకటే చెప్పేవాణ్ణి. “నువ్వు ఉండు, నీ పని నువ్వు చేస్కో. నా టికెట్ వేరే.”

మెల్లగా, తాబేలు సిగ్గుపడేంత మెల్లగా, క్రియాటినిన్ దిగింది. పాత చోటికి పూర్తిగా రాలేదు గానీ, దాని దగ్గర్లో నిలబడింది. మిషను అవసరం పడలేదు.

ఆ రోజు డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చినప్పుడు, నా బస్సు లెక్క చెప్పేశాను. మూడో స్టేజీ కదా, ఇంకా రెండున్నాయి కదా, మరి మధ్యలో ఈ గుండె ఎక్కడినుంచి వచ్చిందని. ఆమె మొదటిసారి నవ్వింది.

“మీ బస్సులో ఎక్కిన వాళ్ళందరూ లాస్ట్ స్టేజీ దాకా వస్తారా?”

“రారమ్మా. చాలామంది మధ్యలోనే దిగుతరు. చెయ్యి చూపిస్తే ఎక్కడైనా ఆపుతం.”

“ఇదీ అంతే. కిడ్నీ జబ్బున్నవాళ్ళలో చాలామంది అయిదో స్టేజీ చూడనే చూడరు. దానికంటే ముందే గుండె దించేస్తుంది. మొదటి రోజే చెప్పాను నేను.”

“ఇన్నడు మేడం” అంది పక్కనుంచి విజయ. “ఇనుకుంటనే చర్లకు పోయిండు.”

మంచం మీద లేచి కూర్చున్నాను. ఇన్ని సంవత్సరాలు ఆ పని చేసినవాణ్ణి, ఆ ఒక్క సంగతి నాకెందుకు తట్టలేదు? వెంకటాపురం బోర్డు పెట్టుకున్న బస్సులో ఎక్కినంత మాత్రాన ఎవరూ వెంకటాపురం దాకా రావాలని లేదు. స్టేజీ నంబరు కిడ్నీది. ప్రాణానిది కాదు. షుగరు, బీపీ, కిడ్నీ, గుండె, నా పాస్ హోల్డర్లందరూ ఒకే సీట్లో కూర్చుని మాట్లాడుకుంటుంటే, నేను ఒక్కడి టికెట్టే చూశాను.

డిశ్చార్జ్ రోజు విజయ మందులు తేవడానికి కిందికి వెళ్ళింది. గదిలో డాక్టరమ్మ, నేనే ఉన్నాం. అడిగేశాను. “ఎన్నేండ్లు బతుకుతనమ్మా?” ఆమె నా ఫైలు మూసి, “మీరు రిటైరయ్యాక ఇంకో ఇరవై ఏళ్ళకు నాది గ్యారంటీ. ఆ తర్వాత మీ ఇష్టం” అంది. విజయ వచ్చాక ఆ మాట చెప్పాను. ఆమె మందుల సంచి మంచం మీద పెట్టి నవ్వింది. దవాఖానలో చేరిన తర్వాత ఆమె కడుపునిండా తిన్నది ఆ పూటే. క్యాంటీన్ సాంబారు, అది కూడా ఉప్పు లేదని తిట్టుకుంటూ.

ఇప్పుడు నేను బస్సులో తిరగడం లేదు. బస్టాండులో మైకు ముందు కూర్చోబెట్టారు. నాలాంటివాడికి మైకు ఇవ్వడమంటే కోతికి కొబ్బరితోట రాసివ్వడమే. “చర్ల పోవు ప్రయాణికులారా, అంతరిక్ష నౌక వంటి మన బస్సు మరికాసేపట్లో...” అని మొదలుపెడితే, మేనేజరు గదిలోంచి లేచి వచ్చి వైరు పీకేస్తాడు. పొద్దున గోదావరి కరకట్ట మీద నడుస్తాను. యాకూబ్ సెలవున్న రోజు తోడొస్తాడు. “అన్నా, గుంతలు లేని రోడ్డు మీద నడిస్తే నాకు కడుపుల తిప్పుతది” అంటాడు. నీళ్ళు డాక్టరమ్మ చెప్పినన్నే తాగుతాను. నెలకోసారి రక్తం ఇస్తాను. ఆవకాయ వాసన మాత్రం చూస్తాను. వాసనకు ఉప్పు లేదని డాక్టరమ్మే ఒప్పుకుంది. నడుం నొప్పి వస్తే విజయ వేడి కాపడం పెడుతుంది. బిళ్ళ మాట ఎత్తితే కత్తెర చూపిస్తుంది.

తోటి రోగులకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు మీ జబ్బుకు ఏదో స్టేజీ నంబరు చెబుతారు. అది విని ఇంటికి వచ్చేయకండి. అక్కడే కుర్చీలో కూర్చుని రెండో ప్రశ్న అడగండి. “డాక్టర్‌గారూ, ఈ స్టేజీ ఇట్లనే ఉండగా నన్ను మధ్యల దించేది ఏది? దానికి ఏ పరీక్ష?” అని. ఆ పరీక్ష ఆ వారమే చేయించుకోండి. ఆ ప్రశ్న మీకు గుర్తుండదనుకుంటే, ఇంట్లో చెవులు బాగా పనిచేసే మనిషిని వెంట తీసుకుపోండి. నేను తీసుకుపోయాను. వినడమే మర్చిపోయాను.

ఇక ఒప్పుకోవాల్సింది ఉంది. అడవిపంది లారీ అంత లేదు. బిందె నిండా చెమట రాలేదు, ఒక చెంబు అనుకోండి. కానీ అవి ఉబ్బినవే, పుట్టించినవి కావు. నేను పుట్టించింది డాక్టరమ్మ గ్యారంటీ. ఆమె అలా అనలేదు. ఆమె అన్నది ఇది. “నాకు తెలియదండీ. రిస్క్ ఉంది, మామూలు మనిషి కంటే ఎక్కువే ఉంది. ఇంతమందిలో ఇంతమందికి అని చెప్పగలం గానీ, మీ ఒక్కరికి ఎన్నేళ్ళని చెప్పే లెక్క ఎవరి దగ్గరా లేదు. తగ్గించే పనులు మాత్రం చాలా ఉన్నాయి. అవి చెయ్యండి.” ఆ మాట పట్టుకుని ఆ మంచం మీద కూర్చున్నాను. మెట్ల మీద విజయ చెప్పుల చప్పుడు వినిపించింది. ఆమె గుమ్మంలోకి వచ్చేలోపు ఇరవై ఏళ్ళు పుట్టించాను. నా జీవితంలో నేను అతి వేగంగా చెప్పిన అబద్ధం అది.

ఈ వ్యాసం నిన్న ఆమెకు చదివి వినిపించాను. మిషన్ తొక్కుతూనే వింటోంది. అడవిపంది దగ్గర నవ్వింది, పద్మశ్రీ దగ్గర తిట్టింది. గ్యారంటీ దగ్గరికి వచ్చేసరికి మిషన్ ఆగింది. అప్పటికి ఒప్పుకోలు నేనింకా రాయలేదు.

“గది అబద్ధం” అంది.

“నీకెట్ల తెలుసు?”

“నీకు స్టెంట్ ఏసేటప్పుడు బయట కూసున్న గదా. నేను గూడ అడిగిన మేడమును, ఎన్నేండ్లని. నాకు గూడ తెల్వదనే చెప్పింది. నీకొక్కనికి స్పెషల్‌గ ఎందుకు చెప్తది?”

“మరి గా రోజు ఎందుకు నవ్వినవ్? అన్నం తిన్నవ్?”

“ఏం జేయాలె! చచ్చి బతికినోడు మంచం మీద కూసొని నాకోసం అబద్ధమాడుతుండు. గా మొఖం చూస్తే నవ్వు రాదా?” దారం తెంపి, సూదిలో మళ్ళీ ఎక్కిస్తూ అంది. “గంతే గాదు. నేను నమ్మినట్టుంటే నువ్వు గూడ నమ్ముతున్నవ్. పొద్దున లేసి నడుస్తున్నవ్, ఉప్పు అడుగుతలేవ్. నడవనియ్ అని ఊకున్న.”

“కొట్టెయ్యమంటవా గా ముక్క?”

మిషన్ మీది బట్ట సర్దింది. “ఉండనియ్. ఇరవై ఏండ్లు నువ్వే రాసినవ్ గదా, నువ్వే తోలాలె” అని, గోడ గడియారం వైపు చూసింది. “బిళ్ళ టైమయింది, లే. రైట్ రైట్!”